మొసళ్ళ మడుగులో దురాయి

ఆ రోజు నోరు తెరవకూడదని గిరిబాబు పెళ్ళాం కామమ్మ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేసి మరీ ఇంట్లోంచి బయల్దేరాడు. పేరమ్మ టీ అంగట్లో ఊరి పెద్ద కామాక్షయ్య కూర్చుని ఉంటాడు. గమ్మున పోయి ఒక పక్కన కూర్చోవాలి, టీ తాగాలి, ఆయన ఏదన్నా అడిగితే ఔననో కాదనో చెప్పాలి, వచ్చేయాలి. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడినా ఇంట్లో అన్నం పుట్టదని కామమ్మ గడప దాటేదాకా చెబుతూనే ఉంది.

ఎందుకంటే మైపాడు రేవులో వేట నిషేధం ఆ రాత్రితో అయిపోతోంది. రెండు నెలలుగా ఇసకలో పడుకున్న పడవలన్నీ తెల్లారితే నీళ్ళలో దిగుతాయి. కామాక్షయ్య బోటుకి ఐదుగురు మనుషులు కావాలి. నలుగురు కుదిరారు. ఐదోవాడెవరో ఆయన ఆ సాయంత్రం టీ తాగి లేచేలోపు చెప్పేస్తాడని ఊరందరికీ తెలుసు. నిరుడు ఆ ఐదో చోటు గిరిబాబుదే. "నీ నోటి మోతకి చేపలు పక్క జిల్లాకి పోతా ఉండాయి అబయా" అని కామాక్షయ్య అతన్ని మధ్యలోనే దించేశాడు. ఆ మాటకి రేవులో అందరూ నవ్వారు, గిరిబాబు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఐసుగడ్డలు కొడుతూ, చేపల ట్రేలు లారీలోకి ఎక్కిస్తూ, తను ఎక్కాల్సిన పడవని తనే భుజం ఆనించి నీళ్ళలోకి తోస్తూ గడిపిన రోజుల్లో మాత్రం అతనికి నవ్వు రాలేదు. పడవ అలలు దాటేదాకా నిలబడి చూసి, తడిసిన లుంగీ పిండుకుంటూ వెనక్కి వచ్చేవాడు. సముద్రం మీద బతికేవాళ్ళ ఇంట్లో పుట్టి ఒడ్డున బతకడం అతనికి చాలా సిగ్గుగా ఉండేది.

అంగట్లో పేరమ్మ పొయ్యి దగ్గర ఉంది. కామాక్షయ్య ముందువైపు బల్ల మీద, సముద్రం వైపు మొహం, అందరి వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. పెంచల్ నేల మీద కాళ్ళు చాపుకుని వల చిల్లులు కుడుతున్నాడు. ఆ కుదిరిన నలుగురిలో అతనొకడు, అందుకే వల కూడా కాస్త దర్జాగానే కుడుతున్నాడు. కామాక్షయ్య మనవరాలు సుభాషిణి బ్యాగు పక్కన పెట్టుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, మాల్యాద్రి ఆటో కోసం ఎదురుచూస్తోంది. సెలవులు అయిపోయి నెల్లూరు హాస్టలుకి పోతోంది.

గిరిబాబు కూర్చున్నాడు. టీ వచ్చింది. తాగుతున్నాడు. సగం గ్లాసు అయ్యేదాకా అంతా సవ్యంగానే జరిగింది.

"ఏం గిరన్నా, ఈ రెండు నెల్లూ ఏం చేసినావు?" అన్నాడు పెంచల్, దారం కొరుకుతూ.

"ఏముంది. ఫోను."

"ఫోన్లో ఏంది?"

"గేమ్."

"ఏం గేమ్?"

"ఏదోలే. హీలర్ని పెంచతా ఉండా."

"హీలరంటే ఏందిరా?" అంది పేరమ్మ.

కామమ్మ మొహం గిరిబాబు కళ్ళ ముందు ఒక్కసారి కదిలింది. కానీ పెద్దామె అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదు. ఒక్క మాటలో చెప్పేసి ఊరుకుందామనే అనుకున్నాడు, పాపం.

"హీలరంటే మందేసేవోడు అత్తా. అదొక గేమ్. అడవులుంటాయి, రాచ్చసులుంటారు, ఎగిరే పాములుంటాయి. కత్తి పట్టుకున్నోడు ముందు పోతాడు, వాడికి దెబ్బ తగిల్తే ఎనకనుంచి మందేసి లేపేవోడు హీలరు. అందరూ కత్తి కావాల, విల్లు కావాల అని ఎగబడతారు. నేను పొద్దుపోక ఊరికే హీలర్ని తీసుకున్నా. పెద్ద పట్టించుకోలేదు గూడా. ఒక చేత్తో టీ, ఒక చేత్తో ఫోను. టీ చల్లారే లోపల పదో లెవెలు."

"మా అక్క కొడుకు పదికి పోయేదానికి వారం ఆడినాడే," అన్నాడు పెంచల్.

"వాడు టీ తాగడు గదా."

ఇది ఒక్క మాట కాదని గిరిబాబుకి తెలుసు. అయినా మొదలుపెట్టినదాన్ని మధ్యలో వదిలేస్తే వినేవాళ్ళు ఏదేదో అనుకుంటారు.

"ఫస్టు తోడేళ్ళ అడవి. తోడేళ్ళని చంపితేనే లెవెలు పెరిగేది. నేను హీలర్ని, నాకు చంపడం యాడొచ్చు? మా టీమోడొకడు తోడేలుని కొట్టినాడు, పాపం దానికి కాలు విరిగింది, కుయ్యోమంటా ఉంది. చూస్తా చూస్తా ఊరుకోలేక కాస్త మందేసినా. కాస్తంటే కాస్తే, చిటికెడు. ఆ కాలు అతుక్కోడమే గాదు, పక్కన ఇంకో కాలొచ్చింది. ఐదు కాళ్ళ తోడేలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"అడవిలో ఉండే తోడేళ్ళన్నీ లైను కట్టినయ్యి. పెద్దాస్పత్రి కాడ తెల్లారే చీటీలకి నిలబడతారే, అట్టా. పంటి నొప్పిది ఒకటి, కీళ్ళ నొప్పులది ఒకటి, నెలలు నిండింది ఒకటి. సాయంత్రానికి కానుపులు గూడా నేనే చేసినా. కత్తులెత్తుకుని వచ్చినోళ్ళకి కొట్టేదానికి తోడేలే లేదు, అన్నీ నా ముందర కూర్చుని ఉండాయి గదా. వాళ్ళు ఆ కత్తుల్తో కట్టెలు కొట్టుకుని, వంట చేసుకుని తినేసి పోయినారు. ఈ పుణ్యానికి నన్ను ఇరవయ్యో లెవెల్లో ఏసినారు."

పేరమ్మ నవ్వింది. పెంచల్ నవ్వాడు. గిరిబాబు వాళ్ళ వైపు చూడలేదు. అతని చూపంతా కామాక్షయ్య కుడి చెవి మీద ఉంది. ఆ చెవి కాస్త కదిలినట్టనిపించింది. మంచికి కదిలిందో చెడుకి కదిలిందో వెనకనుంచి తెలియలేదు. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాడు.

"మరి ముప్పైకి ఎట్టా పోయినావు?" అన్నాడు పెంచల్. వాడికి కుట్టే పనిలో పొద్దుపోవడం లేదు.

"ముప్పై గురించి అడగబాక," అన్నాడు గిరిబాబు, కూర్చున్న బల్లని ముందుకు జరుపుకుంటూ. "ముప్పయ్యో లెవెలు దాటినాక మందు ఫోన్లో పట్టలేదబ్బా. ఫోను పెనం మాదిరి కాలతా ఉంది. బయటికి కారబట్టింది."

"మందు కారడమేందిరా?"

"కారింది అత్తా, నీ మీదొట్టు. ఆ రోజు నేను ఈడనే, నువ్వు పట్ట మీద నెత్తళ్ళు ఆరబోసుకుని ఉండావే, దాని పక్కన కూర్చుని ఆడతా ఉండా. కళ్ళు ఫోన్లోనే ఉండాయి. పక్కన ఏందో సలసలమంటా ఉంది. చూస్తే ఒక ఎండు నెత్తలి చేప తోకాడిస్తా ఉంది. నేనేమో గాలికి అనుకున్నా. ఈలోపల దాని పక్కది కన్ను తెరిచింది. ఇంకోటి ఆవలించింది. చూస్తా ఉండంగానే పట్టంతా దబదబదబ. కాకులు జడుసుకుని ఎగిరిపోయినయ్యి. నేను పట్ట మూసేలోపల సగం నెత్తళ్ళు దూకి, ఇసకలో పాక్కుంటా పోయి అలల్లో పడిపోయినయ్యి. పొయ్యేది ఒకటి ఎనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టింది."

పేరమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఆ రోజు పట్ట మీద నెత్తళ్ళు సగం లేవు. కుక్క లాక్కపోయిందనుకుని, ఆ పక్కింటి కుక్కని నాలుగు రోజులు తిట్టినా," అంది. "ఆ రాత్రి మీ ఇంట్లో కూరేంది గిరీ?"

"ఆ రాత్రా?" గిరిబాబు టీ ఒక గుటక వేశాడు. "వంకాయ."

"వంకాయలో ఏమేసింది కామమ్మ?"

"అత్తా, నేను నలభయ్యో లెవెలు గురించి చెప్తా ఉంటే నువ్వు కూరల్లోకి పోతావేంది?"

పెంచల్ వల పక్కన పెట్టేసి మోకాళ్ళు పట్టుకుని నవ్వుతున్నాడు. సుభాషిణి ఒక చెవిలో తీగ తీసేసింది. కామాక్షయ్య వీపు మాత్రం గోడలాగే ఉంది. ఆయన గ్లాసులో అడుగున ఇంకొంచెం టీ ఉంది. అది అయిపోతే లేస్తాడు. లేచేలోపు పేరు చెబుతాడు. ఆ పేరు తనది కావాలి. మాట్లాడి పోగొట్టుకున్నదాన్ని మాట్లాడే తెచ్చుకోవాలని గిరిబాబుకి ఆ క్షణంలో గట్టిగా తోచింది. గొంతు ఒక మెట్టు పెంచాడు.

"టీము అన్నాక ఐదుమంది. నలుగురు ముందుంటారు, నేను ఎనకుంటా. ఎనకుండేవోడికి పనేముందని మీరు అనుకుంటారు. ఒడ్డున నిలబడి పడవ తోసేవోడు లేకుంటే, లోపలికి పోయేవోడు యాడికి పోతాడు? వాడు తిరిగొచ్చేదాకా ఒడ్డున కళ్ళు కాయలు కాసేట్టు చూసేవోడు ఉంటేనే గదా..."

అంతటితో మాట తట్టుకుంది. అది గేమ్ మాట కాదని అంగట్లో అందరికీ అర్థమైంది. పెంచల్ తల వంచుకుని సూది వెతుక్కున్నాడు. గిరిబాబుకి చెవులు వేడెక్కాయి. ఇట్లాంటి సమయానికి పనికొచ్చేది డ్రాగనొక్కటే.

"సరే, అది పోనీ. డ్రాగన్ దగ్గరికి పోయినాం. దాని తల సంగంలో, తోక విడవలూరులో. నడుము బుచ్చిరెడ్డిపాళెం మీద."

"గేమ్‌లోకి సంగం ఎట్టొచ్చింది?"

"కొలత చెప్తా ఉండానురా, కొలత. నోరు తెరిస్తే నిప్పులు. మా నలుగురూ కత్తుల్తో కొడతా ఉండారు, దానికి చీమ కుట్టినట్టు గూడా లేదు. నేను ఎనకనుంచి దాని మొహం చూసినా. ఆ కళ్ళలో నీళ్ళు. అర్థమైపోయింది. దానికి కడుపులో మంట. ఎన్నాళ్ళ నుంచో పుల్లతేన్పులు. నోట్లోంచి నిప్పొస్తా ఉంటే కత్తెత్తుకుని పొయ్యేవోడే గానీ, ఏమ్మా ఏం తిన్నావు, యాడ నొప్పి అని అడిగినోడు ఒక్కడు లేడు. నేను అడిగినా. ఇంత మందేసినా. ఒక తేన్పు తేన్చింది చూడండి, ఆ గాలికి ముగ్గురు టీమోళ్ళు ఎగిరి పక్క దేశంలో పడినారు. అంతే, నిప్పు పోయింది. అది గొర్రెపిల్ల మాదిరి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది."

"చంపలేదా?"

"ఎందుకు చంపేది? ఎక్కి తిరిగినాం. బంగారు గుహలు, వజ్రాల కొండలు, అన్నిట్లో వేట. సాయంత్రం వాటాలు పంచేటప్పుడు గొడవొచ్చింది. ఐదుమందికి ఐదు వాటాలన్నారు వాళ్ళు. నేను ఒప్పుకోలా. మన రేవు లెక్క ఏంది? మనిషికొక వాటా, వలకొక వాటా, బోటుకొక వాటా. డ్రాగన్ మీద ఎక్కిపోయినాం గాబట్టి బోటు వాటా డ్రాగన్‌కి ఇయ్యాల అన్నా. ఇచ్చినాం. దానికి దుక్కం ఆగలా. పుట్టి ఇన్ని వేల ఏళ్ళలో దాని సొమ్ము ఎత్తుకుపోయినోళ్ళే గానీ దానికి వాటా ఇచ్చినోళ్ళు లేరంట."

కామాక్షయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన లేవలేదు. వెనక్కి తిరక్కుండానే రెండు వేళ్ళతో గ్లాసుని పేరమ్మ వైపు నెట్టాడు.

"ఇంకొకటి పొయ్యి," అన్నాడు.

కామాక్షయ్య రెండో టీ తాగడం ఆ అంగట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గిరిబాబు ఒళ్ళు పొంగిపోయింది. అంటే వింటున్నాడన్నమాట. ఇన్నాళ్ళూ తన నోటిని ఆడిపోసుకున్న పెద్దమనిషి ఆ నోటి కోసమే ఇంకో టీ చెప్పుకున్నాడు. ఇంక ఆగేది ఎక్కడ? తన దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పెద్దది బయటికి తీశాడు.

"ఇవన్నీ చిల్లరవి. అరవయ్యో లెవెలు ఎట్టొచ్చిందో చెప్తే ఒళ్ళు జలదరిస్తాది. మొసళ్ళ మడుగని ఒకటుంది. పేరు చెప్తేనే మొనగాళ్ళు ఫోను కట్టేస్తారు. ఒక్కో మొసలి మన లైట్‌హౌసంత. ఆడికి పోయినాం. ముందు పోతా ఉండిన మనిషి పడిపోయింది. మామూలుగా ఏం చేస్తారు? పోతే పోనీ అని దాటుకుని పోతారు. నేను చెయ్యెత్తినా. ఆగండి అన్నా. దురాయి అన్నా."

దురాయి అనే మాట ఆ తీరంలో ఊరికే అనేది కాదు. ఊళ్ళో మనిషి పోయినా, సముద్రంలో ఎవరన్నా పడిపోయినా పెద్దలు దురాయి వేస్తారు. ఆ మనిషి సంగతి తేలేదాకా వేట లేదు. వెతకడానికి పోవచ్చు గానీ, ఒక్క వల తడవకూడదు. కాదని పోయినవాణ్ణి ఊరు క్షమించదు. అందుకే ఆ మాట వినేసరికి పేరమ్మ పొయ్యి మంట తగ్గించింది.

"గేమ్‌లో దురాయి వేసినావా?" అన్నాడు పెంచల్.

"వేసినా. ఒక్క మాట. దురాయి. అంతే. ఆ మడుగులో నీళ్ళు ఆగిపోయినయ్యి. మొసళ్ళు నోళ్ళు మూసుకుని ఒడ్డుకొచ్చి తలలొంచుకుని నిలబడినయ్యి. ఆ పక్క అడవిలో ఆడతా ఉండినోళ్ళు, ఏందీ నిశ్శబ్దం అని అడిగితే, మైపాడు గిరిబాబు దురాయి వేసినాడు అన్నారంట. వాళ్ళూ కత్తులు దించేసినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జపాను, కొరియా, రష్యా, లోకంలో యాడెవడు ఆ గేమ్ ఆడతా ఉన్నా, అందరూ దించేసినారు. బాణం వదిలేసినోడు గూడా పరిగెత్తుకుంటా పోయి దాన్ని మధ్యలో పట్టుకున్నాడు. కంపెనీవోళ్ళకి బేజారు. ఎవడూ ఆడటంలా, ఎవడూ కదలటంలా. దాని ఓనరు నాకు ఫోన్ చేసినాడు. గిరిబాబు గారూ, మా అన్నం మీద కొట్టబాకండి, దురాయి ఎత్తెయ్యండి అని ఏడ్చినాడు. నేనేమన్నానో తెలుసా? పడిన మనిషి లేస్తేనే ఎత్తేది, నువ్వు ఓనరువైతే నాకేంది అన్నా."

గిరిబాబు ఆగి ఊపిరి తీసుకున్నాడు. నోరంతా తియ్యగా ఉంది. ఇంతకంటే బాగా అతను తన జన్మలో చెప్పలేదు.

"గిరి మామా."

సుభాషిణి రెండో చెవిలో తీగ కూడా తీసేసింది.

"పడిపోయిన మనిషి చేతిలో ఎర్ర కత్తి ఉందా?"

"ఔ," అన్నాడు గిరిబాబు, ఇంకా ఆ ఊపులోనే. తర్వాత కొంచెం ఆలస్యంగా, "నీకెట్టా తెలుసు?" అన్నాడు.

"ఆ కత్తి మా హాస్టల్లో మెర్లిన్‌ది. దాని ఎనక పోతా ఉండింది నేను." సుభాషిణి లేచి నిలబడింది. "నెల్నాళ్ళ నుంచి నీకోసం వెతకతా ఉండా మామా. చాట్‌లో దురాయి అని రాసినోడు మన పక్క ఊళ్ళవోడే అయ్యుంటాడు, దొరికితే తందామని అందరం అనుకున్నాం. ఆ పేరు చూసి ఎవరని కనుక్కుంటాం? గగగగి అని ఉంది."

"ఒకే అచ్చరం నాలుగుసార్లు పడింది," అన్నాడు గిరిబాబు చిన్న గొంతుతో. "వేలు లావు."

పెంచల్‌కి ఊపిరి ఆడటం లేదు. "లెవెల్ ఎంత పాపా?" అన్నాడు.

"అరవై గాదు, ఏం గాదు. మాతో వచ్చేటప్పుడు పదకొండు. ఇప్పుడు ఏడు."

"పెరిగేదానికి బదులు తగ్గిందా?"

"చచ్చినప్పుడల్లా ఒకటి తగ్గతాది." సుభాషిణి తాత వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. "మెర్లిన్ పడిపోయింది తాతా. మామూలుగా అయితే ఒక బటన్ నొక్కితే లేచి ఇంకో చోట నిలబడతాది. సరిగ్గా అప్పుడే దాని ఫోను చార్జింగ్ అయిపోయింది. బొమ్మ మడుగులోనే పడుంది. మేము పోదాం పదండి అన్నాం. ఈయన కదలడు. దురాయి, మనిషి పడిపోతే వేట లేదు, అని రాస్తాడు. అది నిజం మనిషి గాదయ్యా అంటే వినడు. మాకు ఒళ్ళు మండి, తిట్టి, టీమ్‌లోంచి తీసేసి పోయినాం. మెర్లిన్ అన్నం తిని, చార్జింగ్ పెట్టుకుని, సాయంత్రం లోపలికొచ్చి చూస్తే ఈయన ఇంకా ఆడనే ఉండాడు. మొసళ్ళు పీకతా ఉంటే తన మీద మందు వేసుకోకుండా దాని మీదే పోస్తా ఉండాడు. ఈయన చస్తాడు, లేస్తాడు, మళ్ళీ అంత దూరం నడిచొచ్చి దాని పక్కనే నిలబడతాడు. చచ్చినోళ్ళ మీద మందు పనిచెయ్యదని చిన్నపిల్లోళ్ళకి గూడా తెలుసు."

అంగడి అంగడంతా నవ్వింది. పేరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జపాను, కొరియా, రష్యా, డ్రాగన్, అన్నీ కలిసి ఆ ఏడో లెవెల్లో కూలిపోయాయి. గిరిబాబు కూడా నవ్వబోయాడు, నిరుడు నవ్వినట్టే. కానీ ఈసారి పెదాలు కదల్లేదు. ఆ మడుగు సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పదిమందిలో తిట్టించుకుని గెంటేయించుకున్న సంగతిని ఎవరు చెప్పుకుంటారు? అందుకే దాని మీద తలలొంచుకున్న మొసళ్ళనీ దేశాల్నీ పేర్చి కప్పెట్టాడు. ఐదో చోటు పోయింది. ఇంటికి పోయి కామమ్మకి ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

"ఆ పిల్ల తిరిగొచ్చిందాకా ఆడనే ఉండినాడా?"

కామాక్షయ్య వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రం ఆయన మొహం వాళ్ళకి కనబడటం అదే మొదలు.

"ఉండినాడు తాతా."

"మీరు?"

సుభాషిణి బ్యాగు పట్టీ సర్దుకుంది. "మేం పోయినాం," అంది, కాస్త తగ్గి.

కామాక్షయ్య తల ఆడించి గిరిబాబు వైపు చూశాడు. "మందు పనిచెయ్యదని నీకు తెల్దా?"

"తెలుసు మామా. ఎర్ర అచ్చరాల్తో రాస్తానే ఉంది."

"మరి?"

గిరిబాబు నోట్లోకి ఏ కథా రాలేదు. "పడినోళ్ళని మొసళ్ళకి వదిలేసి ఎట్టా వస్తాం మామా," అన్నాడు. "బొమ్మేననుకో. ఎందుకో కాళ్ళు రాలా."

ఎవరూ నవ్వలేదు. సముద్రం మీద పని చేసేవాళ్ళకి ఆ మాటలో గేమ్ వినిపించలేదు. రేపు తెల్లారి నుంచి ఒక్కో పడవలో ఐదుగురు. అలల్లో ఒకడు జారితే మిగతా నలుగురు ఏం చేస్తారన్నదే పడవ ఎక్కే ప్రతివాడి ఇంట్లో ఆడవాళ్ళ భయం.

కామాక్షయ్య రెండో టీ పూర్తిగా తాగాడు. గ్లాసు బోర్లించి, తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"రేపు తెల్లారి బోటు కాడికి రా," అన్నాడు.

గిరిబాబు దిగ్గున లేచాడు. నిరుటి నుంచి ఒడ్డున నిలబడి చూసిన అలలన్నీ ఒక్కసారి దాటేసినట్టు అనిపించింది. "మామా, నేను చెప్తా ఉండా చూడు, ఈ ఏడు మన బోటుకి..."

"ఆగు." కామాక్షయ్య వేలెత్తాడు. "ఒక్కటే. రేపు పడవ అలలు దాటిందాకా నీ నోటికి దురాయి."

పేరమ్మ గరిటెతో గిన్నె మీద ఒకటి కొట్టి, "నేను సాచ్చం," అంది. గిరిబాబు తెరిచిన నోరు తెరిచినట్టే ఒక క్షణం ఉండి, మెల్లగా మూసుకుంది.

అప్పుడే మాల్యాద్రి ఆటో దుమ్ము రేపుకుంటూ వచ్చి అంగడి ముందు ఆగింది. మాల్యాద్రి దిగి అందరి మొహాలూ చూశాడు. ఆ అంగట్లో జనం ఇట్లా మొహాలు వెలిగించుకుని ఉన్నారంటే మధ్యలో ఎవరున్నారో అతనికి తెలుసు. తిన్నగా గిరిబాబు దగ్గరికే వచ్చాడు.

"ఏంది గిరన్నా, ఏదో పెద్దదే చెప్పినట్టుండావే. ఏమైంది? మొదట్నుంచీ చెప్పు."

గిరిబాబు కళ్ళు పెద్దవయ్యాయి. కామాక్షయ్య తనకోసం రెండో టీ చెప్పుకున్న సంగతి ఉంది. ఊరి పెద్ద అందరి ముందూ లేచి నిలబడి పిలిచిన సంగతి ఉంది. పెద్దగా కలపాల్సిన పని కూడా లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పినా చాలు. అతని జీవితంలో సాక్షులతో సహా దొరికిన ఘనకార్యం అదొక్కటే. గొంతు దాకా వచ్చింది. మెడ నరాలు ఉబ్బాయి. పెంచల్ సూది పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఆటో ఎక్కబోతున్న సుభాషిణి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని చూస్తోంది. నాలుగడుగులు వేసిన కామాక్షయ్య ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

గిరిబాబు మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు కడిగి పేరమ్మ ముందు పెట్టాడు. లుంగీ ఎగ్గట్టుకుని, పెంచల్ పక్కన నేల మీద కూర్చుని, వల రెండో కొస అందుకుని చిల్లు వెతకడం మొదలుపెట్టాడు.

మాల్యాద్రి అతని వైపు చూశాడు, పేరమ్మ వైపు చూశాడు.

"ఏమత్తా," అన్నాడు గొంతు తగ్గించి, "గిరన్నకి ఒంట్లో బాగలేదా ఏంది?"